ఆటయు తీర్పరియు

ఆటయన్నను కథయన్నను మన పెద్దలకు చులకన. మనువు రాజులు విడువవలసిన వ్యసనములను లెక్కించుచు ద్యూతమును వానిలో జేర్చెను. అబద్ధమాడు పిల్లవానిని ‘కథలు చెప్పకు’ అని మందలించుట మన యిండ్లలో నేటికిని వాడుక. బడులలోనైనను పాఠము ముగిసిన పిదప మిగిలిన నాలుగు నిమిషములు కథకును, గంట కొట్టిన పిదప మిగిలిన ప్రొద్దు ఆటకును విడిచిపెట్టుదురు. అనగా చదువు వేఱు, ఇవి వేఱు అని మా యుపాధ్యాయవర్గమే పిల్లలకు నేర్పుచున్నది.

చరిత్రను చూచినచో ఈ విభాగము నిలువదు. రాజ్యములకును, సేనలకును, పట్టణసభలకును కలిగిన చిక్కులను కొందఱు కథ కల్పించియు, కొందఱు ఆట కల్పించియు విప్పుకొనిరి. మఱికొందఱు అదే సాధనమును చేతబట్టి మోసపోయిరి. సాధనమొక్కటియే యైనప్పుడు ఫలము రెండు విధములుగా నేల కలిగెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

మొదట మనకు బాగుగా తెలిసిన గ్రంథమును చూతము. మహిలారోప్యమను నగరమున అమరశక్తియను రాజునకు ముగ్గురు మందమతులైన కుమారులు కలరు. వారికి నీతి నేర్పు వెరవేమని రాజు మంత్రుల నడుగగా, వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టునని చెప్పిరి. విష్ణుశర్మ యను వృద్ధుడు ఆఱు నెలలలో నేర్పెదనని పూనుకొని అయిదు తంత్రములుగా కథలల్లెను. ఇది పంచతంత్రపు పీఠిక. క్రీస్తుశకము ఆఱవ శతాబ్దమున పారశీక ప్రభువైన అనూషిర్వాను ఆస్థానమున నిది పహ్లవీ భాషలోనికిని, ఎనిమిదవ శతాబ్దమున ‘కలీలా వ దిమ్నా’ యను పేర అరబ్బీలోనికిని పోయెను. మనకు పరవస్తు చిన్నయసూరి 1853లో మిత్రలాభమును మిత్రభేదమును నీతిచంద్రికగా వ్రాసి యిచ్చెను. నాటినుండి దానిని వాక్యముల సొగసుకొఱకు చదివించినవారే యెక్కువ. అందలి మృగములు సభ తీర్చి ఆలోచించు తీరును పిల్లలకు విప్పి చెప్పినవారు తక్కువ.

మూడవ తంత్రమైన కాకోలూకీయమును గమనింపుడు. గుడ్లగూబలు రాత్రులందు వచ్చి కాకులను చంపుచుండ, కాకులరాజు మేఘవర్ణుడు మంత్రులను పిలిచి ఒక్కొక్కని వేఱువేఱుగా నడిగెను. సంధి చేయుమని ఒకడు, పోరుమని ఒకడు, ఈ చోటు విడువుమని ఒకడు, ఇట్లు తలకొక్క మాట చెప్పిరి. రాజు తన యభిప్రాయమును ముందుగా బయటపెట్టలేదు. అందఱి మాటలును విన్న పిదప ముదుసలి మంత్రియగు స్థిరజీవి చెప్పిన యుపాయమును గ్రహించెను. స్థిరజీవి దెబ్బలు తిన్నవానివలె నటించుచు శత్రువుల యండ జేరెను. అప్పుడు గుడ్లగూబల రాజైన అరిమర్దనుడును తన మంత్రుల నడిగెను. వీనిని చంపుట మేలని రక్తాక్షుడొక్కడే చెప్పెను. తక్కినవారు రాజు మనసెఱిగి ఇంపైన మాటలు పలికిరి. రక్తాక్షుని మాట చెల్లకపోయెను. అతడు తనవారితో వెడలిపోయెను. మిగిలినవారు గుహలో కాలి చచ్చిరి.

రెండు సభలును ఆలోచన చేసినవే. రెండింటను అసమ్మతి చెప్పినవారు గలరు. ఒక రాజు తనకు తోచని మాటకు చోటిచ్చెను. రెండవ రాజు అడిగినట్లు నటించి తన కింపైన దానినే పట్టుకొనెను. రాజు ముఖము చూచి చెప్పరాని యీ మాటను విష్ణుశర్మ కాకులమీదను గుడ్లగూబలమీదను పెట్టి రాజకుమారులకు చెప్పగలిగెను. కథ చేయు మొదటి యుపకారమిది. చెప్పువానికి వెఱపు తగ్గును. వినువానికి రోషము తగ్గును. ఇరువురికిని నడుమ చిక్కు మాత్రము నిలిచియుండును.

ఇక ఆట సంగతి. ఏనుగు, గుఱ్ఱము, రథము, కాలిబంటు అను నాలుగంగముల సేనను గళ్ళలో నిలిపి పోరాడించు చతురంగము మన దేశమున పుట్టి, పారశీకమునకును, అరబ్బు దేశములకును, అచటినుండి ఐరోపాకును పోయెను. దానికి ఐరోపా సేనానులు ఒక లోపమును కనిపెట్టిరి. చదరంగమున ఎదుటివాని బలమంతయు కన్నులకు కట్టినట్లుండును. నిజమైన యుద్ధమున కొండకు ఆవల ఏమున్నదో యెవనికి తెలియును? బ్రన్స్‌విక్ నగరమున హెల్విగ్ అను విద్వాంసుడు 1780లో గళ్ళకు రంగులువేసి కొండలు, చిత్తడినేలలు, నదులు కల్పించి చదరంగమును పెంచెను గాని లోపము తీరలేదు.

దానిని తీర్చినవారు ప్రష్యా దేశపు తండ్రీకొడుకులు. బ్రెస్లావు నగరమున యుద్ధశాఖలో ఉద్యోగియైన రైస్‌విట్జ్ 1812లో మూడవ ఫ్రెడరిక్ విల్‌హెల్ము రాజునకు ఒక బల్లను సమర్పించెను. కొండలు, ఏఱులు, ఊళ్ళుగల పలకలను దానిమీద కావలసినట్లు అమర్చవచ్చును. ఫిరంగిదళమున లెఫ్టినెంటుగా నున్న అతని కుమారుడు ఆ బల్లకు బదులు 1:8000 కొలతగల దేశపటమును వాడి, 1824లో నియమములను అచ్చువేయించెను. ఇరుపక్షములవారును తమ యాజ్ఞలను వ్రాసి తీర్పరికి ఇత్తురు. ఒక యెత్తు రెండు నిమిషముల యుద్ధమునకు సమానము. ఎవనికి కనబడదగినదానిని మాత్రమే తీర్పరి వానికి చూపును. నష్టములను పాచికలును పట్టికలును నిర్ణయించును. సేనాధిపతియైన మ్యూఫ్లింగ్ మొదట ఉదాసీనముగా వచ్చి కూర్చుండి, చూచినకొలది ఉత్సాహము హెచ్చి, ఇది ఆట గాదు, యుద్ధవిద్యాభ్యాసమే యని మెచ్చుకొనెనట. సేనయందు ఈ ఆట వ్యాపించెను. దానిని కల్పించిన యువకుడు మాత్రము 1827లో ఆత్మహత్య చేసికొనెను.

ఆటయందు తీర్పరికి ఇంతటి చోటు కలుగుట క్రొత్త సంగతి. చదరంగమునకు తీర్పరి యక్కఱలేదు, నియమములే చాలును. ఈ యుద్ధక్రీడకు తీర్పరి ప్రాణము. 1866లో ఆస్ట్రియామీదను, 1870–71లో ఫ్రాన్సుమీదను ప్రష్యా గెలిచిన పిదప తక్కిన రాజ్యములును ఈ క్రీడను నేర్చుకొనినవి. 1876లో ఫెర్దీ దు వెర్న్వా అను ప్రష్యా సేనాని పాచికలును పట్టికలును ఆటను మందగింపజేయుచున్నవని తలచి వానిని తొలగించి, తీర్పరి యనుభవమునకే సర్వమును విడిచిపెట్టవలెననెను. ఆట వేగముగా సాగినది; కాని దాని విలువ తీర్పరి వివేకమునందును ధైర్యమునందును మాత్రమే నిలిచినది. ఈ విషయము 1942వ సంవత్సరమున రెండు గదులలో తేటపడెను.

మొదటి గది ఇంగ్లాండులోని లివర్‌పూల్ రేవున నుండెను. అప్పటికి జర్మను జలాంతర్గాములు అట్లాంటికు సముద్రమున వర్తకనౌకలను ముంచుచుండెను. తిండిగింజలును నూనెయు ఆ నౌకలలోనే రావలయును గనుక అవి మునిగినచో ఆ దీవి లొంగక తప్పదు. క్షయరోగమువలన 1938లో నౌకాదళమునుండి తొలగింపబడిన గిల్బర్టు రాబర్ట్స్ అను అధికారిని 1942 జనవరిలో పిలిచి, ఈ చిక్కును విప్పుమని లివర్‌పూలునకు పంపిరి. అతనికి ఇచ్చిన సహాయకులలో ఎక్కువమంది ‘రెన్‌’లని పిలువబడు స్త్రీనావికదళమునకు చెందినవారు. ఇరువది యేండ్లకు అటునిటు వయసువారు. సముద్రముమీద యుద్ధము చూచినవారు కారు.

రాబర్ట్స్ ఒక పెద్దగది నేలను గళ్ళుగా విభజించి సముద్రముగా చేసెను. చిన్న చెక్కనౌకలను దానిపై నిలిపి, వాని దారులను సుద్దముక్కతో గీయించెను. ఆడవచ్చిన నౌకాధికారులను గుడ్డతెఱల వెనుక కూర్చుండబెట్టి, నిజమైన ఓడమీదినుండి కనబడునంత మేర మాత్రమే కన్నములగుండ చూడనిచ్చెను. జలాంతర్గామి దారిని ఆకుపచ్చ సుద్దతో గీసిరి. ఆ రంగు తెఱ వెనుకనున్నవారికి కానరాదు. ఇచ్చటను ఎత్తునకు రెండు నిమిషములే. రైస్‌విట్జ్ ఆటయే నూఱేండ్లకు పైబడిన పిదప నేలమీదికి దిగినదన్నమాట.

చిక్కేమనగా, నౌకల గుంపు నట్టనడుమనున్న ఓడలు మునుగుచుండెను. శత్రువు గుంపునకు వెలుపలనుండి టార్పిడోలను విడుచుచున్నాడని కాపలా నౌకలవారు నమ్మియుండిరి. గుంపు వెలుపలనుండి విడిచిన టార్పిడో నడుమనున్న ఓడను తగులుట యెట్లు? రాబర్ట్స్, లెక్కలలో ఆరితేరిన జీన్ లెయిడ్లా, పిన్నవయస్కురాలైన జానెట్ ఓకెల్ మొదలగువారు ఈ ప్రశ్నను నేలమీద మఱల మఱల ఆడి చూచిరి. జలాంతర్గామి రాత్రివేళ నీటిమీద తేలి, కావలివాండ్ర చూపులు అంతగా పడని వెనుకతట్టునుండి గుంపు వరుసలలోనికి చొరబడి, దగ్గఱనుండి కొట్టి, పిమ్మట మునిగి గుంపును తన మీదుగా సాగిపోనిచ్చుచున్నదని వారికి తేలెను. అప్పటివరకు కాపలా నౌకలు శత్రువు బయట నుండునని తలచి బయటనే వెదకుచుండెను. అవి గుంపు వెనుకకు చేరి వరుసగా గాలించు పద్ధతిని రాబర్ట్స్ బృందము కల్పించెను. ‘రాస్ప్‌బెరీ’ అను ఎగతాళి పేరును దానికి పెట్టినది లెయిడ్లా.

అచ్చటి నౌకాధిపతి పెర్సీ నోబుల్ మొదట ఈ సుద్దగీతల వ్యవహారమును నమ్మలేదు. చూచిన పిదప మనసు మార్చుకొని, అధికారులందఱును అక్కడికి వచ్చి నేర్చుకొనవలెనని ఆజ్ఞాపించెను. యుద్ధము ముగియులోపల ఇంచుమించు 5000 మంది అధికారులు ఆ నేలమీద ఆడిరి. 1942 నవంబరులో నోబులు స్థానమునకు వచ్చిన మాక్స్ హోర్టన్ మొదటి ప్రపంచయుద్ధమున జలాంతర్గాములను నడపి పేరుపొందినవాడు. అతడు జలాంతర్గామి పక్షమున ఆడి, కాపలా నౌకలను నడపిన ఓకెల్ చేతిలో వరుసగా అయిదుసారులు ఓడెనని చెప్పుదురు. తన యెత్తులను ఆమె చాటున చూచుచున్నదని మొదట కోపించెనట. కోపించినను తీర్పు మాఱలేదు, ఆటయు ఆగలేదు. నౌకాధిపతి ఒకవైపు, చిన్న యుద్యోగి యగు పడుచు ఒకవైపు నిలిచినను నేలమీది సుద్దగీత ఇరువురికి నొక్కటియే.

1943 మే నెలలో జర్మనులు 41 జలాంతర్గాములను కోల్పోయి ఉత్తర అట్లాంటికునుండి తమ బలమును వెనుకకు తీసికొనిరి. ఇదంతయు ఆటవలననే జరిగినదనుట అతిశయోక్తి. రాడారు, దూరము పోగల విమానములు, శత్రువుల రహస్యలిపిని చదివినవారి శ్రమ, హెచ్చిన కాపలా నౌకలు, ఇవన్నియు కలిసి ఆ ఫలమును తెచ్చినవి. అయినను ఆ నౌకలను నడపినవారికి ఏమి చేయవలయునో ఆ గదిలోని పటము నేర్పినదని చెప్పుటకు సందేహింప నక్కఱలేదు.

రెండవ గది జపాను నౌకాదళపు పెద్ద యుద్ధనౌకయైన యమాటోమీద నుండెను. అదే 1942 మే మొదటి దినములలో మిడ్వే దీవిమీద చేయబోవు దాడిని అచ్చట పటముమీద ఆడి చూచిరి. తీర్పరులకు పెద్ద నౌకాదళ ముఖ్యోద్యోగియైన ఉగాకీ. ఫుచిదా, ఒకుమియా అను నౌకాదళాధికారులు యుద్ధానంతరము వ్రాసిన గ్రంథమున ఆ యాట కథ యున్నది. అమెరికా విమానములు జపాను విమానవాహకములపై బడినట్లు ఆటలో ఘట్టము వచ్చెను. ఒకుమియా పాచికలు వేయగా తొమ్మిది బాంబులు తగిలినవని తేలెను. అకాగీ, కాగా అను రెండు నౌకలును మునిగినట్లు లెక్క. ఉగాకీ కలుగజేసికొని తొమ్మిదిని మూడు చేసెను. కాగా మాత్రమే మునిగినది. అకాగీకి స్వల్పముగా దెబ్బ తగిలినది. కొంతసేపటికి ఆట తరువాతి ఘట్టమునకు పోగా, మునిగిన కాగాయు మఱల తేలి వచ్చి యుద్ధము చేసెను.

1942 జూన్ 4వ తేదీన జరిగిన నిజమైన యుద్ధమున అకాగీ, కాగా, సోర్యూ, హిర్యూ అను నాలుగు విమానవాహకములు నాశనమయ్యెను. అయితే ఈ కథను తొందరపడి చదువరాదు. దీవినుండి ఎగిరిన విమానములు ఆ నౌకలలో దేనిని కూడ ముంచలేదు. ముంచినవి అమెరికా విమానవాహకములనుండి వచ్చినవి. కాబట్టి బాంబుల లెక్కలో మాత్రము ఉగాకీ తీర్పు అంత తప్పు కాదని తరువాతి పరిశీలకులు కొందఱు చూపిరి. అసలు ప్రశ్న వేఱు. శత్రువు విమానవాహకములు ముందుగనే వచ్చి ప్రక్కను పొంచియుండినచో ఏమి చేయుదురని ఆ చర్చలలో అడుగుటయు జరిగెను. దానికి ధీమా మాటలే సమాధానముగా వచ్చినవి గాని, ఆ ప్రశ్నను పటముమీద తుదిదాక ఆడి చూడలేదు. దాడి జరిగి తీరవలెనని పైవారు నిశ్చయించిన పిదప ఆట కూర్చిరి. నిశ్చయమునకు అడ్డు వచ్చిన పాచికను తీర్పరి త్రోసివైచెను. అట్టిచోట ఎవడు రెండవమాఱు ప్రశ్నించును?

లివర్‌పూలునందును యమాటోనందును పటము కలదు, నియమములు కలవు, నేర్పరులు కలరు. ఒకచోట ఆట నమ్మకమును పరీక్షించినది. రెండవచోట నమ్మకమునకు ముద్రవేసినది. ఒకచోట అధిపతి ఓడుటకు సిద్ధపడెను. రెండవచోట ఓటమి లెక్కలోనుండి కొట్టివేయబడెను. మేఘవర్ణుని సభకును అరిమర్దనుని సభకును గల భేదమే ఇది.

తీర్పరి యొక్కడు సరిగానున్నచో చాలునా యనిన, చాలదు. నియమములను వ్రాసినవాడెవడు, వానిని దిద్దువాడెవడు అను ప్రశ్నయు గలదు. దీనికి అమెరికాలోని ఒక స్త్రీ కథ నిదర్శనము. ఎలిజబెత్ మాగీ యనునామె హెన్రీ జార్జి సిద్ధాంతము నమ్మినది. భూమి విలువ సంఘము పెంచినదే గనుక భూమి శిస్తు సంఘమునకే చెందవలెనని ఆ సిద్ధాంతసారము. ఉపన్యాసములకు చెవియొగ్గని జనులకు దీనిని చేతితో తెలియజేయవలెనని ఆమె ‘భూస్వామి యాట’ను కల్పించి 1904 జనవరి 5వ తేదీన పేటెంటు పొందెను. పలకమీద తిరుగుచు స్థలములు కొనుట, అడుగిడినవారినుండి అద్దె గుంజుట ఇందలి క్రమము. ఒకరు సర్వమును దిగమ్రింగి తక్కినవారు దివాలా తీయు నియమములు ఒక విధము. కలిగిన లాభము అందఱికి పంచు నియమములు రెండవ విధము. పలక యదే, ఆటగాండ్రు వారే. నియమము మార్చినంతనే దారిద్ర్యము వచ్చుటయు పోవుటయు కన్నులార చూడవచ్చును. పేదవాడు సోమరియగుటచే పేదవాడైనాడను మాటకు ఇంతకంటె చక్కని ప్రత్యుత్తరమును మేమెఱుగము.

ఆ యాట చేతులు మాఱి, విద్యార్థులలోను స్నేహితుల యిండ్లలోను వ్యాపించి, తుదకు 1935లో ‘మొనాపలీ’ యను పేర పార్కర్ బ్రదర్సు కంపెనీచే అమ్మబడెను. చార్లెసు డారో యనునతడే దీనిని కల్పించెనని లోకము చాలకాలము నమ్మినది. మాగీ పొందిన రెండవ పేటెంటును అదే యేట ఆ కంపెనీ 500 డాలరులకు కొనెను. పంచుకొను నియమములు మఱపున పడినవి. దిగమ్రింగు నియమములు మాత్రము ఇంటింట చేరినవి. 1970 తరువాత రాల్ఫ్ అన్స్‌పాక్ అను అర్థశాస్త్రోపాధ్యాయుడు నడపిన వ్యాజ్యమువలన మాగీ పేరు మఱల వెలికివచ్చెను. దోషమును చూపుటకు పుట్టిన ఆట ఆ దోషమునే వేడుకగా నేర్పునదైనది. పలక మీద గీతలు మార్చకయే, నియమపత్రమున ఒక భాగమును తొలగించుటచేత ఇంత జరిగెను.

కథయు ఆటయు కలిసి పట్టణపాలనమునకు పనికివచ్చిన ఉదాహరణమును కూడ చెప్పి ముందునకు పోయెదము. బ్రెజిలు దేశపు నాటకకర్త అగస్టో బోవాల్ 1970 ప్రాంతములలో ఒక నాటకపద్ధతిని కల్పించెను. బీదవారికి కలిగిన అన్యాయమును చిన్న నాటకముగా ఒకమాఱు ఆడుదురు. రెండవమాఱు ఆడునపుడు చూచువారిలో ఎవరైనను ‘ఆగుము’ అని లేచి, బాధితుని పాత్రను తాము ధరించి, తమకు తోచినట్లు నడపి చూడవచ్చును. మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఈ దారి సాగునా యని సభనే అడుగును. బోవాల్ 1992లో రియో డి జనీరో పురపాలకసభకు ఎన్నికై, 1993 మొదలు 1996 వఱకు ఈ నాటకములలో జనులు సూచించిన దారులను చట్టముల ముసాయిదాలుగా మార్చెను. పదుమూడు చట్టములు ఆమోదము పొందినవి. పురపాలక వైద్యశాలలలో వృద్ధుల వ్యాధులు తెలిసిన వైద్యులుండవలెననునది వానిలో నొకటి. ఉపన్యాసవేదిక యెక్కి మాటాడ నేర్వని ముదుసలి, పాత్ర ధరించి తన కష్టమును చూపగలిగెను.

శాస్త్రపరిశోధనయందును ఇట్టిదే జరిగినది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు 2008లో ‘ఫోల్డిట్’ అను కంప్యూటరు ఆటను వెలువరించి, మాంసకృత్తుల అణువులు ఎట్లు ముడుచుకొనునో కనుగొనుటను జనులకు పందెముగా పెట్టిరి. కోతులకు ఎయిడ్సువంటి వ్యాధి కలిగించు వైరసునకు చెందిన ఒక ఎంజైము రూపము పదియేండ్లకు పైగా శాస్త్రజ్ఞులకు చిక్కలేదు. దానిని ఆటగాండ్రు మూడు వారములలోపల చిక్కించుకొనిరి; 2011లో ఆ సంగతి శాస్త్రపత్రికలో ప్రకటింపబడెను. వారిలో జీవరసాయనము చదివినవారు తక్కువ. ఆ యాటలో గెలుపోటములను నిర్ణయించునది అణువు యొక్క శక్తిని లెక్కించు సూత్రము. ఎంతటి యాచార్యుడైనను దానిని బెదరించి అంకెను మార్పింపజాలడు. ఎంతటి అనామకునికైనను అది తగిన అంకె నిచ్చును.

ఇక మన యింటి కథకు వత్తము. నన్నయభట్టు తెనిగించిన సభాపర్వమును ఎఱుగని తెలుగువాడు లేడు. ఆడువాడు దుర్యోధనుడు, పాచికలు వేయువాడు శకుని. ఒకనికొఱకు మఱియొకడు ఆడుట తగదని ధర్మరాజే యనెను, అని ఆడెను. విదురుడు వలదని మొత్తుకొనెను. ద్రౌపది సభకు ఈడ్వబడి అడిగిన ప్రశ్న ఆట నియమమునకు సంబంధించినదే: ముందుగా తన్నుదా నోడినవానికి తరువాత నన్నొడ్డు అధికారమెక్కడిది? తీర్పరులు కాదగిన పెద్దలు సభనిండ నుండిరి. ధర్మము సూక్ష్మమని భీష్ముడు తప్పించుకొనెను. చిన్నవాడైన వికర్ణుడు లేచి న్యాయము పలుకగా కర్ణుడు వానిని అదలించి కూర్చుండబెట్టెను. ద్యూతము చెడ్డదను నీతిని మనము ఆ కథనుండి నేర్చుకొంటిమి, నిజమే. కాని పాచికలకంటె ఎక్కువ కీడు చేసినది తీర్పరుల మౌనమని మాకు తోచుచున్నది. ఆ ప్రశ్నకు ఆనాడే తీర్పు దొరికియుండినచో పదునెనిమిది అక్షౌహిణులు కూలవలసిన పని యుండునా?

కాబట్టి ఆటచేతగాని కథచేతగాని ఒక సమూహపు చిక్కును విప్పదలచినవారు మూడు సంగతులు పాటింపవలెనని మా మనవి. మొదటిది, పెద్ద చిన్న యందఱును ఒకే పటముమీద ఒకే నియమమునకు లోబడి యాడవలెను. రెండవది, తీర్పరి జీతముగాని గౌరవముగాని ఓడినవాని దయమీద ఆధారపడరాదు; ఇచ్చిన తీర్పును మార్చవలసివచ్చినచో కారణమును అందఱియెదుట చెప్పవలెను. మూడవది, ఆట ముగిసిన పిదప నియమములనే ప్రశ్నించు హక్కు ఆడినవారికందఱికి ఉండవలెను. ఈ మూడును లేనిచోట ఆట కూర్చుట కంటె ఊరకుండుట మేలు. ఏలయన, అట్టి యాట తప్పుడు నిశ్చయమునకు పరీక్షలో నెగ్గిన గౌరవమును తెచ్చిపెట్టును.

దీనిని మన బడులలోనే ఆరంభింపవచ్చును. ఒక పల్లె చెఱువును నేలమీద గీయుడు. తూములు, కాలువలు, ఎగువ పొలములు, దిగువ పొలములు గుఱుతుపెట్టుడు. వానలు తక్కువయిన యేడు నీరెంతయో చింతగింజలు లెక్కపెట్టి ఉంచుడు. కలవారి పిల్లవానికి కాలువ చివరి పొలమును, కూలివాని పిల్లవానికి తూము దగ్గఱి పొలమును ఇండు. ఒక పిల్లను నీరుకట్టుగా నిలిపి ఆమె మాట చెల్లునట్లు చూడుడు. పైరు ఎండునప్పుడు ఎవరు ఏమి చేయుదురో, ఎట్టి కట్టుబాటు అందఱికి గింజ దక్కించునో వారే కనుగొందురు. వ్యవసాయశాస్త్రమును, పౌరధర్మమును, గణితమును ఆ ఒక్క గంటలో వచ్చును. పాఠపుస్తకము చెప్పలేని మఱియొక సంగతి కూడ వచ్చును: తన యూరి కాలువ చివర నిలిచినవానికి లోకమెట్లు కనబడునో ఆ కలవారి బిడ్డకు తెలియును.

గ్రామసభలలోను, సంఘములలోను, కార్యాలయములలోను ఈ పద్ధతినే పెద్దలు అవలంబింపవచ్చును. పంట సంఘమువారు కఱవు వచ్చినట్లును, వైద్యశాలవారు అంటువ్యాధి వచ్చినట్లును కల్పించుకొని ముందుగా ఆడి చూచుట కష్టమైన పని గాదు. కష్టమైనది వేఱొకటి గలదు. అధ్యక్షుని యెత్తు ఓడినప్పుడు తీర్పరియైన చిన్న గుమాస్తా లేచి, అయ్యా, తమ ఓడ మునిగినది అని చెప్పవలెను; అధ్యక్షుడు ఔనని తలయూచి ఆట సాగనీయవలెను. మన సభలలో అంత మాట చెప్పగల గుమాస్తాను, దానిని వినగల అధ్యక్షుని తయారుచేయుట బడులలోనే మొదలుపెట్టవలసిన పని.